పందిరికి లైసెన్సు ఎవరివ్వాలి? - క్రైస్తవ వివాహ చట్టం, స్వతంత్ర పాస్టర్లు, దళితుల పెళ్లి

చట్టం చదవడం లాయర్ల పని అనే మాట ఇక చెల్లదు. కావ్యాల్నీ పురాణాల్నీ నవలల్నీ, వాటిలో కులం ఏ మూల దాక్కుందో వెతుకుతూ చదివిన దళిత విమర్శ, మన పుట్టుకకీ పెళ్లికీ చావుకీ కాగితం రాసిచ్చే చట్టాల్ని కూడా అట్లాగే చదవాల్సి ఉంది. అలాంటి చదువుకి 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కంటే మంచి పాఠం దొరకదు. తెలుగునాట చాలా ఊళ్లలో చర్చి అంటేనే మాలపల్లె, మాదిగపల్లె. అక్కడి జనం పెళ్లి ఎవరు చెయ్యొచ్చు, ఏ గంటకి చెయ్యొచ్చు, ఎక్కడ చెయ్యొచ్చు అన్నది విక్టోరియా రాణి కాలంలో రాసిన ఈ చట్టమే ఇప్పటికీ చెపుతోంది.

ఈ చట్టానికి కన్నతల్లి ఇంగ్లండు చట్టం. ఆ తల్లినే మార్చాలని అక్కడి లా కమిషన్ 2022 జూలైలో నివేదిక ఇచ్చింది. పెళ్లిని భవనానికి కాకుండా పెళ్లి జరిపించే మనిషికి ముడివెయ్యాలని, అప్పుడు ఎక్కడైనా పెళ్లి చేసుకోవచ్చని దాని సారాంశం. 2025 అక్టోబర్లో అక్కడి ప్రభుత్వం ఆ దారిలోనే మార్పులు తెస్తామని ప్రకటించింది. మంచిదే. కానీ అదే సంస్కరణని ఇక్కడికి తెస్తే మాలపల్లె పందిట్లో ఏం మారుతుంది? మా వాదన ఒక్కటే. మన పెళ్లికి చట్టం మూడు ముళ్లు వేసింది: స్థలం, మనిషి, కాగితం. మొదటి ముడి విప్పి మిగతా రెండూ బిగించే సంస్కరణ దళితులకు సంస్కరణ కాదు.

బిషప్ ఉన్నవాడికి రాత్రి కూడా పగలే

ముందు చట్టం పాఠం చూద్దాం. 5వ సెక్షన్ పెళ్లి చేయించగల వాళ్లని వరసపెట్టి చెపుతుంది. మొదట బిషప్ చేతులమీదుగా అభిషేకం పొందిన గురువులు. తర్వాత చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ పాదిరీలు. వీళ్లకి సర్కారు లైసెన్సు అక్కర్లేదు. మూడో వరసలో ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన మతబోధకులు. నాలుగో వరసలో మ్యారేజి రిజిస్ట్రారు. అందరికంటే అడుగున, ఇండియన్ క్రైస్తవుల పెళ్లికి సర్టిఫికెట్ ఇచ్చే లైసెన్సుదారు. ఈ మెట్లు మనకి ఎక్కడో చూసినట్టు అనిపిస్తే అందులో వింత లేదు. మనువు సాయం లేకుండానే దొరలు కూడా నిచ్చెన కట్టగలరు. 1872 నాటి పాఠంలో 'ఇండియన్' అనే మాట కూడా లేదు, 'నేటివ్' అని ఉంది. లైసెన్సు లేకుండా పెళ్లి చేసినవాడికి వేసే శిక్షలో కూడా, నేరస్తుడు యూరపువాడో అమెరికావాడో అయితే వేరే పేరుతో వేరే శిక్ష ఉండేది.

10వ సెక్షన్ గంటలు చెపుతుంది. ఉదయం ఆరుకీ సాయంత్రం ఏడుకీ మధ్యే పెళ్లి జరగాలి. దాటితే 69వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, జరిమానా. అయితే మినహాయింపులున్నాయి. ఆంగ్లికన్ బిషప్ ప్రత్యేక లైసెన్సు ఇస్తే ఫరవాలేదు. రోమన్ కేథలిక్ బిషప్ అనుమతిస్తే ఫరవాలేదు. స్కాట్లండ్ సంఘం తన ఆచారం ప్రకారం చేసుకుంటే ఫరవాలేదు. అంటే బిషప్ ఉన్నవాడికి రాత్రి కూడా పగలే. బిషప్ లేని బాప్టిస్టుకీ, బ్రదరెన్‌కీ, పెంతెకొస్తుకీ, ఏ పెద్ద సంఘం నీడా లేని ఊరి పాస్టరుకీ గడియారమే పోలీసు. కూలికెళ్లి పొద్దుగూకాక ఇల్లు చేరే జనానికి పెళ్లి చెయ్యాల్సింది మాత్రం ఈయనే.

స్థలం సంగతి 11వ సెక్షన్లో ఉంది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పాదిరీ తన సంఘం ఆరాధన జరిగే చర్చిలో తప్ప పెళ్లి చెయ్యకూడదు. దగ్గరి దారిన అయిదు మైళ్లలో అలాంటి చర్చి లేకపోతేనో, బిషప్ ముద్రవేసి లైసెన్సు ఇస్తేనో మాత్రమే మరోచోట చెయ్యాలి. లైసెన్సున్న మిగతా బోధకుల విషయంలో చట్టం ఇంటిని కూడా ఒప్పుకుంది. కాకపోతే ఇంట్లో పెళ్లయితే 14వ సెక్షన్ ప్రకారం ఆ నోటీసు మ్యారేజి రిజిస్ట్రారు ఆఫీసు గోడకెక్కాలి. చర్చిలో పెళ్లయితే చర్చి గోడ చాలు.

ఇక ఆగి చూడాల్సింది 6వ భాగం, అంటే 60 నుంచి 65 దాకా ఉన్న సెక్షన్లు. ఇది నేటివ్‌ల కోసం రాసిన భాగం. ఇందులో ముందస్తు నోటీసు అక్కర్లేదు. చర్చిలోనే జరగాలన్న షరతు లేదు. 9వ సెక్షన్ కింద లైసెన్సు ఉన్న ఒక మనిషి, ఇద్దరు సాక్షులు, వధూవరులిద్దరూ ఒకరికొకరు చెప్పుకునే ఒకే ప్రమాణం, అంతే. సర్టిఫికెట్ రుసుం నాలుగణాలు. 9వ సెక్షన్ ఇంకో మెట్టు ముందుకెళ్లి, ఏ క్రైస్తవుడికైనా ఈ లైసెన్సు ఇవ్వొచ్చంటుంది. అభిషేకం అడగలేదు, సెమినరీ డిగ్రీ అడగలేదు. కేథలిక్కులకి మాత్రం ఈ భాగం వర్తించదని 65వ సెక్షన్ చెపుతుంది.

ఇది ప్రేమతో ఇచ్చిన స్వేచ్ఛ కాదు. తెల్లవాడి పెళ్లిలో ఆస్తి ఉంది, వారసత్వం ఉంది, జాతి ఉంది. అందుకని నోటీసులూ అభ్యంతరాలూ కావాల్సి వచ్చాయి. కూలివాడి పెళ్లికి అవన్నీ దండగ అనుకున్నారు. అది అలక్ష్యంలోంచి పుట్టిన వెసులుబాటు. అయినా సరే, చట్టం మొత్తమ్మీద ప్రజాస్వామికమైన మాట ఏదన్నా ఉంటే అది ఈ 'ఏ క్రైస్తవుడికైనా' అన్నదే. ఆ మాట దళితుల చేతికి రాకుండా ఆపింది లైసెన్సు ఇచ్చే చెయ్యి.

స్వతంత్ర పురోహితులు మనకి కొత్త కాదు

స్వతంత్ర పాస్టర్లని చూసి, ఏ సంఘమూ లేని వీళ్లంతా ఎక్కణ్నుంచి ఊడిపడ్డారని పెద్ద సంఘాలవాళ్లు ముక్కు విరుస్తారు. చరిత్ర తెలియక అనే మాట ఇది. చర్చి రాకముందు మాలమాదిగల పెళ్లి ఎవరు చేశారు? బ్రాహ్మడు గూడెంలో అడుగుపెట్టలేదు. చాలాచోట్ల మాలల పెళ్లి మాలదాసరి చేశాడు. మాదిగలకి బైండ్లవాళ్లున్నారు, కులపెద్దలున్నారు. స్థలం ఇంటి ముందరి పచ్చని పందిరి. గుళ్లోకి ఎట్లాగూ రానివ్వలేదు కాబట్టి గుడి ప్రశ్నే లేదు. అంటరానితనం మన నుంచి అన్నీ లాక్కుంది గానీ, సొంత పురోహితుణ్నీ సొంత స్థలాన్నీ మాత్రం మనకే వదిలేసింది. వాటిని లైసెన్సు కిందికి తెచ్చింది 1872 తర్వాతి చరిత్ర.

చట్టం వచ్చిన ఆరేళ్లకి, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాదాపు అంతా మాదిగలు. మిషన్ చరిత్రలు ఇక్కడ క్లౌ దొరని ముందు పెడతాయి. కానీ అంతకు ముందే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఊరూరా తిరిగి తనవాళ్లకి ఈ మాట చెప్పి ఉన్నాడు. మతం మాదిగ నోటి నుంచే మాదిగ చెవికి చేరింది. అంతమంది ఇళ్లల్లో జరిగే పెళ్లిళ్లకీ చావులకీ అభిషిక్తులు ఎక్కణ్నుంచి సరిపోతారు? ఊళ్లల్లో సంఘాన్ని నిలబెట్టింది ఉపదేశకులు, బడిపంతుళ్లు, బైబిలు స్త్రీలు. పని వాళ్లది, సంతకం దొరది. ఈ పని విభజన ఇప్పటికీ చెడలేదు.

దొరలు పోయారు, సంఘాలు మిగిలాయి. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాయి. బిషప్పులు దేశీయులయ్యారు. కులం మాత్రం అట్లాగే కూర్చుంది. ఒక ఊళ్లో మాలల చర్చి ఒకటి, మాదిగల చర్చి ఒకటి. కేథలిక్ సంఘంలో రెడ్లు, కమ్మలు వేరే వరస. ఈ సంఘాల ఆస్తుల కోర్టు తగాదాలు, బిషప్ ఎన్నికల గొడవలు మనందరికీ తెలిసినవే. ఈ గోడల బయట ఇంకో పాయ ఎప్పుడూ ఉంది. 1836 నుంచే గోదావరి డెల్టాలో బ్రదరెన్ సమాజాలు అభిషిక్త పాదిరీ లేకుండా నడిచాయి. హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా భక్త్‌సింగ్ సహవాసాలు సంఘాల పేర్లనే కాదన్నాయి. తర్వాతి తరంలో పల్లెల్లో మాల, మాదిగ కుర్రాళ్లు, చదువు పదో తరగతి దాటనివాళ్లు, కొద్దిచోట్ల ఆడవాళ్లు కూడా, ఇంటి వసారాలో, తడికెల షెడ్డులో, అద్దె హాల్లో ప్రార్థనలు మొదలుపెట్టారు. జ్వరమొస్తే వచ్చి కూర్చునేది వీళ్లు. తాగొచ్చి కొట్టే మొగుడికి బుద్ధి చెప్పేది వీళ్లు. పెళ్లి కుదిరితే పిలిచేదీ వీళ్లనే.

చట్టం దృష్టిలో ఈ మనిషి లేడు. లైసెన్సు తెచ్చుకుంటే ఉంటాడు. లైసెన్సు ఎట్లా వస్తుంది? 6, 9 సెక్షన్లు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వొచ్చు, రద్దు చెయ్యొచ్చు అంటాయి. ఎవరికి ఇవ్వాలి, ఎన్నాళ్లలో ఇవ్వాలి, ఏ కారణంతో కాదనాలి అన్నదానికి ఆ సెక్షన్లలో ఒక్క కొలతా లేదు. కొలత లేనిచోట పలుకుబడే కొలత. మీ సంఘం పేరేమిటి, మందిరం స్థలం ఎవరిది, ఏ బైబిలు కాలేజీలో చదివావు అనే ప్రశ్నలకి పెద్ద సంఘం పాస్టరు దగ్గర అచ్చుకాగితం ఉంటుంది. పోరంబోకులో వేసుకున్న రేకుల షెడ్డుకి పట్టా ఎక్కడిది? స్థలం ముడిని చట్టం ముందు గుమ్మంలో సడలించినా, లైసెన్సు అర్జీలో అది వెనక గుమ్మం గుండా వస్తుంది.

ఫలితం మన ఊళ్లల్లో అందరికీ తెలుసు. పెళ్లి ఊరి పాస్టరు చేస్తాడు. సర్టిఫికెట్ టౌనులో లైసెన్సున్న పెద్ద పాస్టరు ఇస్తాడు. పెళ్లి జరిగింది మాదిగపల్లె పందిట్లో అయితే, కాగితంలో జరిగింది ఆయన చర్చిలో. ఆ సంతకానికి ఇచ్చే డబ్బుని కానుక అంటారు. నాలుగణాల చట్టం ఇట్లా వేలు పలుకుతోంది.

శిక్ష పాస్టరుకి, నష్టం పెళ్లికూతురికి

చట్టంలో మూడు సెక్షన్లని పక్కపక్కన పెట్టి చదివితే అసలు సంగతి తెలుస్తుంది. 77వ సెక్షన్ ప్రకారం నోటీసులో తప్పున్నా, పెళ్లి జరిగిన సమయంలో స్థలంలో తప్పున్నా, రిజిస్టరు రాయడంలో తప్పున్నా, అంతమాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. అంటే స్థలం తప్పుని చట్టం క్షమిస్తుంది. 4వ సెక్షన్ ప్రకారం, వధూవరుల్లో ఒక్కరు క్రైస్తవులైనా 5వ సెక్షన్ చెప్పిన మనుషుల్లో ఒకరి ద్వారా తప్ప జరిగిన పెళ్లి చెల్లదు. అంటే మనిషి తప్పుని క్షమించదు. 68వ సెక్షన్ ప్రకారం అధికారం లేకుండా పెళ్లి చేసినవాడికి పదేళ్ల దాకా జైలు, జరిమానా.

పదేళ్ల జైలు అక్షరాల్లో భయంకరంగా ఉంటుంది గానీ, ఆ పెళ్లి చెల్లకపోవడం వల్ల రోజూ అనుభవించేది పాస్టరు కాదు. పెళ్లికూతురు. మొగుడు ఇంకొకదాన్ని తెచ్చుకున్నాడనుకుందాం. రెండు పెళ్లిళ్ల నేరం నిలబడాలంటే మొదటి పెళ్లి చట్టప్రకారం చెల్లాలి. పెళ్లి తంతు చట్టానికి సరిపోయేట్టు జరిగిందా లేదా అన్నదాని మీదే ఈ నేరం నిలబడుతుందని సుప్రీంకోర్టు 1965లో భావూరావు లోఖండే కేసులో, హిందూ పెళ్లి విషయంలో, తేల్చింది. ఆ తర్కాన్నే మన పందిట్లోకి తెస్తే, 'మాకు పెళ్లి చేసిన పాస్టరుకి లైసెన్సు లేదు' అని మొగుడు ఒక్క మాట అంటే చాలు. తప్పించుకునే దారిని చట్టమే చూపించింది. పాస్టరు లైసెన్సు అడిగి చూసే అవకాశం ఆ పిల్లకి ఎప్పుడుంది? సంబంధం చూసింది మగవాళ్లు, పాస్టరుని పిలిచింది మగవాళ్లు, కాగితం దాచుకున్నది మగవాళ్లు. శిక్ష మాత్రం ఆమెకి. స్థలం మీద సంస్కరణ రాసేవాళ్లు ముందు చూడాల్సింది ఈ ముడి.

ఇంగ్లండు గోడలు

ఇప్పుడు ఇంగ్లండు వైపు చూద్దాం. అక్కడ 1753లో హార్డ్‌విక్ చట్టం పెళ్లిని పారిష్ చర్చి గోడల మధ్య పెట్టింది. క్వేకర్లకీ యూదులకీ మాత్రం మినహాయింపు. 1836 చట్టం మిగతా మతసంఘాల భవనాలు రిజిస్టరు చేసుకుంటే పెళ్లిళ్లు చేసుకోవచ్చంది. కానీ భవనం రిజిస్టరు కావాలంటే అది తమ ఆరాధన స్థలమని ఇరవైమంది గృహస్తులు సంతకం చెయ్యాలి. 1994 చట్టం హోటళ్లనీ పాత కోటల్నీ కూడా సివిల్ పెళ్లిళ్లకి తెరిచింది. డబ్బున్నవాడికి కోట దొరికింది. అద్దె హాల్లో ఆరాధన చేసుకునే చిన్న సంఘానికి గోడ గోడలాగే ఉంది. పొరుగున స్కాట్లండులో పెళ్లి అధికారం భవనానికి కాదు, జరిపించే మనిషికి ఉంటుంది. 2022 నివేదిక ఇంగ్లండునీ వేల్సునీ అటు తిప్పాలంది. మనిషికి అధికారం ఇవ్వండి, స్థలం ఆ మనిషీ జంటా చూసుకుంటారు అన్నది దాని దారి. ఏ మతానికీ చెందని స్వతంత్ర నిర్వాహకులకి ఆ అధికారం ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ప్రభుత్వానికే వదిలింది.

నివేదిక అంతా వదిలినచోటే మన ప్రశ్న మొదలవుతుంది. భవనం బదులు మనిషి అన్న తర్వాత, ఆ మనిషి ఎవరు? మన దగ్గర 6వ భాగం స్థలాన్ని వదిలేసి మనిషిని పట్టుకుని నూటయాభై ఏళ్లయింది. అంటే ఇంగ్లండు 2022లో చేరాలనుకున్న చోటికి వలస చట్టం నేటివ్‌లని 1872లోనే తెచ్చిపెట్టింది. దాని అనుభవం ఏమిటో పై పేజీల్లో చెప్పాం. స్థలం స్వేచ్ఛ ఒంటరిగా వస్తే లైసెన్సున్నవాడికి మార్కెట్ పెరుగుతుంది. పెళ్లిచేసుకునేవాళ్లకి హక్కు పెరగదు.

అట్లాగని మాకు స్థలం చిన్న విషయం కాదు. 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్లో ఒక జాతవ్ పెళ్లికొడుకు ఠాకూర్ల వీధి గుండా ఊరేగింపు తియ్యడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. చివరికి పోలీసుల కాపలాలో ఊరేగింపు సాగింది. ఊరేగింపు వీధి, భోజనాల హాలు, మైకు పెట్టే అరుగు, ఇవన్నీ మన దగ్గర కులం కాపలా కాసే స్థలాలు. పెళ్లి ఎక్కడైనా చేసుకోవచ్చని చట్టం రాసినంత మాత్రాన ఆ కాపలాదారు పక్కకి తప్పుకోడు.

సనదు ప్రశ్న

పెళ్లి చేసే అధికారం ఎవరిదన్న ప్రశ్న మన ఉద్యమాలకి కొత్తది కాదు. 1873లో సత్యశోధక సమాజం పెట్టిన జోతిబా ఫూలే బ్రాహ్మడు లేని పెళ్లిళ్లు చేయించాడు. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహవిధి' రాసి, తెలుగు మాటల్తో పురోహితుడు లేని పెళ్లిళ్లకి దారి వేశాడు. ఆ పెళ్లిళ్లు మాలమాదిగ గూడేలదాకా ఎందుకు రాలేదన్నది వేరే చర్చ. తమిళనాట పెరియార్ ఆత్మగౌరవ పెళ్లిళ్లని మద్రాసు హైకోర్టు 1953లో చెల్లవంది. 1967లో తమిళనాడు హిందూ వివాహ చట్టాన్ని సవరించి, బంధువులో స్నేహితులో ఇతరులో ఉన్నచోట జరిగిన పెళ్లి చాలంది. పాత పెళ్లిళ్లని కూడా కలిపి చెల్లుబాటు చేసింది. గుడి అక్కర్లేదు, పురోహితుడు అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. 2023లో సుప్రీంకోర్టు ఈ పెళ్లికి బహిరంగ ప్రకటన కూడా అక్కర్లేదని స్పష్టం చేసింది.

ఇక్కడ అంబేద్కర్‌ని దాటి పోవడానికి లేదు. 1936 నాటి 'కుల నిర్మూలన'లో ఆయన అడిగింది లైసెన్సు రద్దు కాదు. పౌరోహిత్యం వంశపారంపర్యం కాకూడదు, ప్రభుత్వం పరీక్ష పెట్టి సనదు ఇవ్వాలి, సనదు లేనివాడు చేసిన తంతు చెల్లకూడదు, చేస్తే శిక్షించాలి అన్నాడు. మొదటి చూపుకి ఇది 1872 చట్టం 68వ సెక్షన్‌లాగే కనిపిస్తుంది. కొందరు మిత్రులు దీన్ని పట్టుకుని లైసెన్సుని సమర్థిస్తారు. తేడా ఎక్కడుంది? అంబేద్కర్ సనదుకి తలుపు అందరికీ తెరిచి, కొలత బయట పెట్టాడు. పుట్టుకతో వచ్చే గుత్తని విరగ్గొట్టడం దాని పని. 1872 లైసెన్సు కొలతని దాచి, బిషప్ ఉన్నవాణ్ని దానికి అతీతుణ్ని చేసి, లేనివాణ్ని సర్కారు దయకి వదిలేసింది. గుత్తని కాపాడటం దీని పని. రెంటికీ పేరు లైసెన్సే కావచ్చు. ఒకటి తాళం తీసేది, ఇంకోటి తాళం వేసేది.

మూడో ముడి

అన్నిటికంటే గట్టి ముడి కాగితం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు 3వ పేరా, హిందువు కానివాడు ఎస్సీ కాదంటుంది. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లిముల్నీ బయటే ఉంచారు. ఆంధ్రదేశంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లని బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం చేతిలో పెట్టారు. కాబట్టి మన పల్లెల్లో దేవుడు వేరు, రికార్డు వేరు. అన్న చర్చికెళతాడు, తమ్ముడు పోలేరమ్మకి మొక్కుతాడు, ఇద్దరికీ వెలి ఒకటే, సర్టిఫికెట్ ఒకటే.

ఈ స్థితిలో పెళ్లి సర్టిఫికెట్ ఏం చేస్తుంది? పెళ్లికి సాక్ష్యం ఇస్తూనే మతానికీ సాక్ష్యం ఇస్తుంది. 2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఎస్సీ హోదా అర్జీని కొట్టేసింది. ఆమెకి వ్యతిరేకంగా నిలబడిన ఆధారాల్లో ఆమె తల్లిదండ్రుల పెళ్లి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద రిజిస్టరు కావడం కూడా ఒకటి. తల్లిదండ్రుల పెళ్లి కాగితం కూతురి ఉద్యోగం దాకా నడిచొచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కుల సర్టిఫికెట్ చేతిలో ఉన్నా క్రైస్తవంలోకి వెళ్లి పాస్టరుగా ఉన్న మనిషి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ అడగజాలడంది. తిట్టేవాడు కులం పేరు పెట్టి తిడతాడు. కోర్టు మతం పేరు చెప్పి పంపిస్తుంది.

ఒకవైపు 2002 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని చట్టం ఉంది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతా అట్లాగే చెయ్యమంది. ఆడవాళ్ల హక్కు కోసం రిజిస్ట్రేషన్ కావాలి, దాంట్లో మాకు రెండో మాట లేదు. కానీ ఆ రిజిస్టరే ఎస్సీ హోదాకి ఉరి అయినప్పుడు, 'మీవాళ్లు రిజిస్టరు చేసుకోరు, చైతన్యం లేదు' అని అధికారులు అనడం మోసం. చైతన్యం ఉంది కాబట్టే రిజిస్టరు చేసుకోవడం లేదు. పెళ్లాం హక్కు కావాలంటే పిల్లల రిజర్వేషన్ వదులుకో, పిల్లల రిజర్వేషన్ కావాలంటే పెళ్లాం హక్కు వదులుకో అని రాజ్యం బేరం పెట్టింది.

స్వతంత్రం ఎవరి నుంచి?

స్వతంత్ర పాస్టర్లని మేం నెత్తిన పెట్టుకోవడం లేదు. పెద్ద సంఘం నుంచి స్వతంత్రం అయినంత మాత్రాన కులం నుంచీ మగతనం నుంచీ స్వతంత్రం అయినట్టు కాదు. మాల పిల్లకీ మాదిగ పిల్లాడికీ పెళ్లి చెయ్యమంటే ఎంతమంది పాస్టర్లు ముందుకొస్తున్నారు? కట్నం పుచ్చుకున్న పెళ్లికి ప్రార్థన చెయ్యనని ఎంతమంది అంటున్నారు? పిల్ల వయసు అడక్కుండా చేతులు కలిపే పాస్టర్లు లేరా? లైసెన్సు కోసం తిరగలేక, తమకి తామే బిషప్ అని పేరు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. 5వ సెక్షన్ బిషప్‌కి వేసిన పీటని చూస్తే ఆ ఆశ అర్థమవుతుంది. కానీ పీట మారితే నిచ్చెన కూలదు. ఇంట్లో పెళ్లి అనేది ఇంటి పెద్దల బలవంతానికి కూడా చోటిస్తుంది. చర్చిలో నలుగురి ముందు వద్దనగలిగే పిల్ల, చుట్టాలు కమ్ముకున్న వసారాలో వద్దనగలదా? స్థలం స్వేచ్ఛ కోరేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

నోటీసు గురించి కూడా ఇట్లాగే రెండువైపులా చూడాలి. 1954 ప్రత్యేక వివాహ చట్టం 12వ సెక్షన్ ఏ పద్ధతిలోనైనా, రిజిస్ట్రారు ఆఫీసులోగానీ తగిన దూరంలో కోరినచోటగానీ పెళ్లి చేసుకోమంటుంది. మతం వదలక్కర్లేదు. ఇంగ్లండు ఇప్పుడు వెతుక్కుంటున్నదానిలో సగం ఇక్కడ ఏడు దశాబ్దాలుగా ఉంది. కానీ ముప్పై రోజుల నోటీసు గోడమీద ఉంటుంది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని చంపిన దేశంలో, కులం దాటిన జంటకి ముప్పై రోజుల నోటీసంటే వేటగాడికి చిరునామా ఇవ్వడమే.

ఏం అడగాలి

కేంద్ర లా కమిషన్ 1960లో 15వ నివేదికలో, 1961లో 22వ నివేదికలో క్రైస్తవ వివాహ చట్టాన్ని మార్చమంది. ఆ బిల్లు చట్టం కాలేదు. 2001లో విడాకుల చట్టాన్ని సవరించారు, పెళ్లి చట్టాన్ని మాత్రం అట్లాగే వదిలేశారు. మళ్లీ చర్చ మొదలైతే మనవైపు నుంచి అడగాల్సినవి ఇవీ:

ఒకటి, స్థలం, సమయం షరతులు ఎత్తెయ్యాలి. పందిరి, వసారా, అద్దె హాలు, అంబేద్కర్ భవనం, ఏదైనా సరే. దాంతోపాటు వధువు ఒప్పుకోలుని చుట్టాలు లేనిచోట విడిగా అడిగి రాసే ఏర్పాటు ఉండాలి.

రెండు, 5వ సెక్షన్ నిచ్చెన తీసెయ్యాలి. బిషప్‌కీ ఊరి పాస్టరుకీ ఆడమనిషికీ ఒకే తలుపు. కొలత అచ్చులో ఉండాలి, గడువు ఉండాలి, కాదంటే కారణం రాసివ్వాలి. పెద్ద సంఘం సిఫారసు, స్థలం పట్టా అడగకూడదు. వయసు, ఒప్పుకోలు చూడకుండా పెళ్లి చేస్తే అధికారం తీసెయ్యాలి.

మూడు, పెళ్లి చేసినవాడి లైసెన్సు లోపం వల్ల పెళ్లి చెల్లకుండా పోకూడదు. 77వ సెక్షన్ స్థలానికిచ్చిన క్షమ మనిషికీ ఇవ్వాలి. జరిగిపోయిన పెళ్లిళ్లకీ వర్తించాలి. ఇది జరగని పని కాదు. 6వ భాగం కింద, ఒకరు నేటివ్ క్రైస్తవులూ మరొకరు కానివాళ్లూ అయిన జంటలకి పొరపాటున జరిగిన పెళ్లిళ్లని 1892లో ఒక ప్రత్యేక చట్టం చేసి చెల్లుబాటు చేశారు. తమిళనాడు 1967లో చేసింది. ఆ జంటలకి చేసింది మాల, మాదిగ జంటలకి ఎందుకు చెయ్యకూడదు?

నాలుగు, పెళ్లి రిజిస్టరుని కులహోదా కేసుల్లో మతానికి సాక్ష్యంగా వాడకూడదు. 1950 ఉత్తర్వు 3వ పేరా పోయేదాకా ఇది తాత్కాలిక కవచం మాత్రమే. దళిత క్రైస్తవుల, ముస్లిముల హోదాపై 2022 అక్టోబర్లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. అలాంటి కమిషన్ల ముందు మనవాళ్లు రిజర్వేషన్ గురించి చెపుతున్నారు, చెప్పాలి. దాంతోపాటు పెళ్లి కాగితం గురించి కూడా చెప్పాలని మా మనవి. ఆ కాగితానికి భయపడి ఎన్ని పెళ్లిళ్లు రికార్డుకెక్కకుండా ఉన్నాయో, ఎంతమంది ఆడవాళ్లు దానివల్ల కోర్టు గుమ్మం ఎక్కలేకపోయారో అధ్యయనం చెయ్యాల్సింది విద్యార్థులూ ఉపాధ్యాయులే. ఊరూరా చర్చి రిజిస్టర్లున్నాయి, పెళ్లి చేసిన పాస్టర్లున్నారు, పెళ్లయిన ఆడవాళ్లున్నారు. ముందు ఆడవాళ్లని అడగండి.

బిషప్పులూ ప్రభుత్వమూ కూర్చుని చట్టం మార్చుకుంటే స్థలం ముడి ఒకటి విప్పి ఊరుకుంటారు. అది వాళ్లకి ఖర్చులేని ముడి. మిగతా రెండు ముళ్లూ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి వాటిని వాళ్లంతట వాళ్లు విప్పరు. విప్పించాల్సింది మనమే.